మా అమ్మాయి ఏడాదిన్నరగా ఒకే ప్రోటీన్ మీద కూర్చుంది, ఇది మామూలేనా?

యార్డుగుమస్తా
నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పాతికేళ్లుగా గుమస్తాగా ఉన్నాను. ఈ ఫోరంలో ఎక్కువగా రోడ్ల గురించి, కరెంటు గురించి మాట్లాడుకుంటారు. నా ప్రశ్న వేరు. మా అమ్మాయి బీటెక్ బయోటెక్నాలజీ ఇక్కడి కాలేజీలోనే చదివింది. గేట్ రాసి, ఇంటర్వ్యూ ఇచ్చి చెన్నైలో పీహెచ్‌డీలో చేరింది. బయోమాలిక్యులర్ ఇంజనీరింగ్ అంటారట. చేరి రెండేళ్లు కావస్తోంది. ఫోన్ చేసినప్పుడల్లా "ప్రోటీన్ రావడం లేదు నాన్నా" అంటుంది. ఏడాదిన్నరగా అదే మాట. ఏ ప్రోటీన్, ఎందుకు రాదు అని అడిగితే "తర్వాత చెబుతాలే" అని ఊరుకుంటుంది. కోపంతో కాదు, అలసటతో. మొన్న సంక్రాంతికి మూడు రోజులు వచ్చి రెండు రోజులు నిద్రపోయింది. వాళ్లమ్మకి టెన్షన్. బంధువులు "ఇంకా చదువేనా" అంటున్నారు. ఆ మాట నన్ను బాధపెట్టదు. పిల్ల ఏం మోస్తోందో నాకు తెలియకపోవడమే బాధ. ఈ లైన్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే అర్థమయ్యేలా చెప్పండి. ఇది మామూలేనా, లేక తప్పు దారిలో పడిందా?

కృష్ణలంక_కుర్రోడు
అంకుల్, సూటిగా చెబుతా, ఏమీ అనుకోకండి. మా అన్నయ్య ఇదే లైన్లో నాలుగేళ్లు చేసి వదిలేశాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం, సుఖంగా ఉన్నాడు. నెలకి 37 వేల ఫెలోషిప్ డబ్బుతో ఎన్నాళ్లు? ఒకసారి అమ్మాయితో కూర్చుని మాట్లాడండి, మానేయడం నేరమేం కాదు.

తెల్లకోటు_తెనాలి
మాది తెనాలి, నేనూ ఇదే పనిలో ఐదో ఏడు. బాబాయ్ గారూ, ముందు మీ ప్రశ్నకి జవాబు: మామూలే. నాకు మొదటి ప్రోటీన్ చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ మా ఇంట్లో కూడా "ఏం చేస్తున్నావే" అంటే నేనూ "తర్వాత చెబుతా" అనే అన్నాను.

ఎందుకు రాదో చెబుతా. ప్రోటీన్ అంటే పూసల దండ అనుకోండి. ఇరవై రకాల పూసలు ఉంటాయి. ఏ పూస తర్వాత ఏ పూస అనేది జన్యువులో రాసి ఉంటుంది. దండ గుచ్చగానే పని అయిపోదు. అది తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారంలోకి రావాలి. ఆ ఆకారం వస్తేనే పని చేస్తుంది. మేం ఏం చేస్తామంటే, మాకు కావలసిన జన్యువుని ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో పెట్టి, దాని చేత ఆ దండ గుచ్చిస్తాం. అది 37 డిగ్రీల దగ్గర చకచకా గుచ్చేస్తుంది. మడతపడే తీరిక లేక దండలన్నీ ఒకదానికొకటి చుట్టుకుని గడ్డకడతాయి. ఉడికిన గుడ్డులో తెల్లసొన చూశారు కదా, ఆ గడ్డ కూడా ప్రోటీనే, కానీ మళ్లీ పచ్చిసొన చేయలేం. దాదాపు అలాంటి కథే. బ్యాక్టీరియాని పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మా ప్రోటీన్ అంతా అడుగున తెల్లటి ముద్దగా కనబడుతుంది. పైన నీళ్లలో ఏమీ ఉండదు. "ప్రోటీన్ రావడం లేదు" అంటే చాలాసార్లు ఇదే. వచ్చింది, పనికొచ్చేలా రాలేదు.

అప్పుడు వేడి 18 డిగ్రీలకి తగ్గించి రాత్రంతా మెల్లగా పెంచుతాం. ఐపీటీజీ అని ఒక మందు ఉంటుంది, గుచ్చడం మొదలుపెట్టమని అదే చెబుతుంది, దాని మోతాదు తగ్గిస్తాం. బ్యాక్టీరియా రకం మారుస్తాం. ప్రోటీన్‌కి తోకలాగా ఇంకో ప్రోటీన్ తగిలించి చూస్తాం. ఒక్కో ప్రయత్నానికి వారం పైనే. ఇక జన్యువు దగ్గరే తేడా ఉంటే మళ్లీ మొదటి నుంచి, నెల పోయినట్టే.

బ్రాడీపేట_నాలుగోలైను
తెనాలి అమ్మాయీ, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను, సైన్సు తెలియదు, అయినా నువ్వు చెప్పింది అర్థమైంది. గుమస్తా గారూ, రెండు రోజులు నిద్రపోయిందన్నారు, తిండి సరిగా తింటోందా? మా పిల్ల హాస్టల్లో ఉన్నప్పుడు నేను చదువు గురించి అడగడం మానేసి తిండి గురించి అడిగితే మిగతా కబుర్లన్నీ తనే చెప్పేది.

కృష్ణలంక_కుర్రోడు
తెనాలి అక్కా, మీకు వచ్చింది. మా అన్నయ్యకి రాలేదు. వచ్చినవాళ్లే వచ్చి చెబుతారు, రానివాళ్లు చెప్పరు. అంకుల్‌కి రెండు వైపులా తెలియాలి.

తెల్లకోటు_తెనాలి
ఆ మాట నిజమే. మా బ్యాచ్‌లో చేరిన వాళ్లలో ఇద్దరు మానేశారు. ఇద్దరూ తెలివైనవాళ్లే. ఒకరికి గైడ్‌తో కుదరలేదు, ఇంకొకరికి ఇంట్లో డబ్బు అవసరం పడింది. ప్రోటీన్ రాలేదని మానేసినవాళ్లు మాత్రం నాకు తెలిసి లేరు.

పెన్సిలిన్‌తాత
పటమటలో ఉంటాను. మందుల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు ప్లాంటు మీద పని చేశాను. ఈ చదువు దేనికి పనికొస్తుందో ఎవరూ చెప్పలేదు కనక చెబుతా.

ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్ మాత్రలు అందరూ మింగే ఉంటారు. వాటికి మూలసరుకు 6-ఏపీఏ. పెన్సిలిన్-జి నుంచి ఒక ముక్క విరగ్గొడితే అది వస్తుంది. పాత పద్ధతిలో ఆ ముక్క విరవడానికి ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వేసి, సాల్వెంటులో, మైనస్ 40 డిగ్రీల దగ్గర చేసేవాళ్లు. బయట విజయవాడ ఎండ, లోపల మైనస్ 40. ఆ చల్లదనానికయ్యే కరెంటు, ఆ సాల్వెంటు ఘాటు, ఆ వ్యర్థాలు నాకు తెలుసు. తర్వాత పెన్సిలిన్ ఎసైలేజ్ అనే ఎంజైమ్ వచ్చింది. దాన్ని చిన్న చిన్న గుళికలకి అతికించి ట్యాంకులో వేస్తే, మామూలు నీళ్లలో, గది వేడికి కాస్త అటూ ఇటూగా అదే ముక్కని విరిచేస్తుంది. బ్యాచ్ అయ్యాక గుళికలు వడగట్టి మళ్లీ వాడతాం. మొదటిసారి ఆ ట్యాంకు దగ్గర మాస్కు లేకుండా నిలబడిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. ఎంజైమ్ అంటే ప్రోటీనే. దాన్ని ట్యాంకులో నిలబడేలా, వందల బ్యాచ్‌లు పనిచేసేలా తయారుచేసినవాళ్లు మీ అమ్మాయి లాంటివాళ్లే గుమస్తా గారూ. వాళ్లలో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు.

ఉండవల్లి_వాసి
మైనస్ 40లో పని చేసి వచ్చి మే నెలలో బందరు రోడ్డు మీద నడిచేవారా తాతగారూ!

పెన్సిలిన్‌తాత
మైనస్ 40 రియాక్టర్ లోపల నాయనా. నేను బయటే ఉండేవాణ్ణి.

మూడోఏడు_కెమికల్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. గుంటూరులో బీటెక్ కెమికల్ మూడో ఏడు. నాకూ ఈ వైపు రావాలని ఉంది. బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది, ఇంటర్ ఎంపీసీ. కాలేజీలో అడిగితే "సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వెళ్లు" అన్నారు. కెమికల్ వాళ్లు రావచ్చా?

పాఠాలమాస్టారు
రావచ్చు. చాలా చోట్ల ఈ సబ్జెక్టు పుట్టిందే కెమికల్ డిపార్ట్‌మెంటులో. 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ డిగ్రీలో చదివింది మెకానికల్, ఏరోస్పేస్ ఇంజనీరింగ్. సౌరశక్తి మీద కొన్నాళ్లు పని చేశారు. పీహెచ్‌డీ బర్క్‌లీలో కెమికల్ ఇంజనీరింగ్, 1985లో. ఎంజైమ్‌ల దగ్గరికి ఆ తర్వాతే వచ్చారు.

నీకు దారి ఇది. గేట్‌లో కెమికల్ పేపరు రాయొచ్చు, బయోటెక్నాలజీ పేపరు రాయొచ్చు, లైఫ్ సైన్సెస్ కూడా ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నీ బలం కెమికల్ అయితే అదే రాసి, ఎంజైమ్‌ల మీద పనిచేసే కెమికల్ ప్రొఫెసర్ల దగ్గరికి ఇంటర్వ్యూకి వెళ్లు. ఐఐటీ ఢిల్లీలో బయోకెమికల్ ఇంజనీరింగ్‌కి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. మద్రాసులో, హైదరాబాద్‌లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో, వరంగల్ ఎన్ఐటీలో ఈ పని జరుగుతోంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే ఎంటెక్ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉందని యూజీసీ 2022 నిబంధనల్లోనే రాశారు.

అంతకంటే ముందు చేయాల్సింది ఇంకోటి ఉంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. దానికి అప్లై చెయ్యి. మన వైపు కాలేజీల పిల్లలు దాని పేరే వినరు. రెండు నెలలు ల్యాబ్‌లో నిలబడితే ఈ పని నీకు సరిపడుతుందో లేదో నీకే తెలుస్తుంది. ఐదేళ్ల తర్వాత తెలియడం కన్నా అది మేలు.

మూడోఏడు_కెమికల్
చాలా థ్యాంక్స్ సర్. బయాలజీ ఎక్కడ మొదలుపెట్టాలి?

పాఠాలమాస్టారు
బయోకెమిస్ట్రీతో. అందులోనూ ఎంజైమ్ కైనెటిక్స్‌తో. రియాక్షన్ ఇంజనీరింగ్ చదివినవాడివి కనక అది నీకు కొత్తగా అనిపించదు. పేర్లు బట్టీ పట్టడం తర్వాత చూసుకోవచ్చు.

అట్లాంటాలో_ఆంధ్రుడు
మాది సత్తెనపల్లి, ఇప్పుడు అట్లాంటా. ఇక్కడ డిపార్ట్‌మెంటు పేరే కెమికల్ అండ్ బయోమాలిక్యులర్ ఇంజనీరింగ్. నేను ఐదున్నరేళ్లకి పీహెచ్‌డీ పూర్తి చేశాను. కెమికల్ చదివే తమ్ముడికి ఒక మాట. ఇటు రావాలనుకుంటే ఎంఎస్‌కి లక్షలు పోయకు, నేరుగా పీహెచ్‌డీకి అప్లై చెయ్యి. పీహెచ్‌డీలో ఫీజు వాళ్లే కట్టి స్టైపెండ్ ఇస్తారు.

కృష్ణలంక తమ్ముడి మాటతో సగం ఏకీభవిస్తా. మానేయడం నేరం కాదు. ఎప్పుడు మానేయాలో చూసే లెక్క మాత్రం "ఫలితం వచ్చిందా లేదా" కాదు. ఆరు నెలల క్రితం తెలియనిది ఇప్పుడు ఏం తెలుసు అని అడిగితే అమ్మాయి దగ్గర జవాబుంటే పని నడుస్తున్నట్టే. గైడ్ వారానికి ఒక్కసారైనా కూర్చుని డేటా చూస్తున్నాడా? రాని ప్రోటీన్ పక్కన ఇంకో చిన్న పని పెట్టుకోనిస్తున్నాడా? ఈ రెండూ లేకపోతే అప్పుడు భయపడాలి.

కృష్ణలంక_కుర్రోడు
మా అన్నయ్య గైడ్ నెలకోసారి కూడా కలిసేవాడు కాదు. ఫెలోషిప్ ఒకసారి ఏడు నెలలు రాలేదు. గది అద్దె మా నాన్న పంపేవాడు. పాతికేళ్లు దాటినవాడు నాన్నని అద్దె అడగడం ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే నాకు ఈ మాటెత్తితే కోపం.

అట్లాంటాలో_ఆంధ్రుడు
ఆ కోపంలో తప్పు లేదు తమ్ముడూ. డబ్బు ఆగితే ఎంత ఇష్టమైన పనైనా విషమవుతుంది.

పాఠాలమాస్టారు
అంకెలు అందరికీ తెలిసేలా పెడుతున్నా. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్) అయితే 42,000, అద్దె భత్యం విడిగా. అంతకుముందు జేఆర్‌ఎఫ్ 31,000 ఉండేది. ఇది సకాలంలో అందితే ఒంటరి మనిషికి చెన్నైలో గడుస్తుంది. ఇంటికి పంపాల్సిన బాధ్యత ఉంటే గడవదు. చేరేముందే ఆ లెక్క వేసుకోవాలి.

బ్రాడీపేట_నాలుగోలైను
పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు కానీ బంధువులు అడిగేది అదే కదా. మా మేనకోడలు పీహెచ్‌డీ మధ్యలో పెళ్లి చేసుకుంది, బిడ్డని కూడా కంది, పట్టా కూడా తెచ్చుకుంది.

తెల్లకోటు_తెనాలి
అవునండీ, నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. ఆడపిల్లలకి గడువు మీద రెండేళ్ల సడలింపు, మెటర్నిటీకి 240 రోజుల సెలవు ఉన్నాయి. బంధువులకి ఈ అంకె చెప్పండి, ఊరుకుంటారు.

యార్డుగుమస్తా
అందరి మాటలూ రెండేసిసార్లు చదివాను. నిన్న రాత్రి బ్రాడీపేట మేడం గారు చెప్పినట్టే తిండి గురించి అడిగాను. తర్వాత తెనాలి అమ్మాయి రాసింది చూసి "అడుగున ముద్దలా పడుతోందామ్మా?" అని అడిగాను. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. "నాన్నా, నీకెవరు చెప్పారు?" అంది. ఆ తర్వాత గంటంపావు మాట్లాడింది. ఇన్నేళ్లలో చదువు గురించి అంతసేపు మాట్లాడడం ఇదే మొదలు.

ఆమె చేసేది లాకేస్ అనే ఎంజైమ్ అట. దాంట్లో రాగి ఉంటుందట, ఒక్కో ప్రోటీన్‌లో నాలుగు రాగి పరమాణువులు. అది దేనికమ్మా అంటే "బూజు విషం విరగ్గొట్టడానికి నాన్నా, అఫ్లాటాక్సిన్" అంది.

ఆ పేరు నాకు తెలియకపోవడమేమిటి! మా కొట్లో ఆ పేరు తలుచుకోని సీజన్ లేదు. కళ్లంలో కాయ సరిగా ఆరకపోయినా, అకాల వాన పడ్డా, కాయ విరగకుండా నీళ్లు చల్లి తొక్కినా బూజు పడుతుంది. పైకి ఎర్రగానే ఉంటుంది. ఎక్స్‌పోర్టు వాళ్లు శాంపిల్ తీస్తారు, రిపోర్టు ఫెయిలైతే సరుకు వెనక్కి. యూరప్‌కి వెళ్లే మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్ని రకాలూ కలిపి 10. ఒకసారి మా కొట్టు ద్వారా వెళ్లిన 300 టిక్కీలు (మిర్చి బస్తాలు) అలా వెనక్కొచ్చాయి. రైతు దుగ్గిరాల వైపు మనిషి. కొట్టు అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఇంటికొచ్చి భోజనం చేయలేదు. అప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "ఎందుకు ముందే చెప్పలేదమ్మా" అంటే "అయ్యాక చెబుదామనుకున్నా నాన్నా, కాకముందు చెబితే నువ్వు రోజూ అడుగుతావు కదా" అంది.

బ్రాడీపేట_నాలుగోలైను
గుమస్తా గారూ, కళ్లు చెమ్మగిల్లాయండీ.

పెన్సిలిన్‌తాత
ఇంక తప్పు దారా అని అడక్కండి.

కృష్ణలంక_కుర్రోడు
అంకుల్, మానేయమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. డబ్బు సంగతి మాత్రం అడుగుతూ ఉండండి. తనంతట తను చెప్పదు.

తెల్లకోటు_తెనాలి
లాకేసా! అయితే ఆమె కష్టం నాకు ఇంకా బాగా అర్థమైంది. శిలీంధ్రాల్లో దొరికే లాకేస్‌లకి పైన చక్కెర గొలుసులు అంటుకుని ఉంటాయి. ఈ-కోలైకి అవి అతికించడం రాదు. అందుకే అది మొండికేస్తుంది. దానికి ఈస్ట్‌లో, పికియా అనే ఇంకో రకం ఈస్ట్‌లో ప్రయత్నిస్తారు. బ్యాసిల్లస్ సబ్టిలిస్ బ్యాక్టీరియాలో కాట్ఏ అని ఒక లాకేస్ ఉంది, అది ఈ-కోలైలో వస్తుంది. వచ్చినా రాగి సరిగా ఎక్కాలి. పెంచే ద్రావణంలో కాపర్ సల్ఫేట్ వేసి, కాసేపు గాలి తగ్గించి ఉంచితే రాగి బాగా ఎక్కుతుందని ప్రచురించారు కూడా. ఆమెకి ఇవన్నీ తెలిసే ఉంటాయి, అయినా ఒకసారి అడగండి.

యార్డుగుమస్తా
అడిగాను. మొదట శిలీంధ్రానిదే పట్టుకుని ఏడాది పోగొట్టుకుందట. కాట్ఏకి మారి రెండు నెలలైందట. గాలి తగ్గించే సంగతి ఈ వారమే చేయబోతోందట. "ఈ తెనాలి అక్క ఎవరు నాన్నా" అని అడుగుతోంది.

మూడోఏడు_కెమికల్
ప్రోటీన్ వచ్చాక పని అయిపోయినట్టేనా? ప్రోటీన్ ఆకారం అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాం వచ్చాక కంప్యూటరే అన్నీ చెప్పేస్తుందని మా సీనియర్ అంటున్నాడు. 2024 నోబెల్ కూడా దానికే కదా.

అట్లాంటాలో_ఆంధ్రుడు
ఆ నోబెల్‌లో సగం డేవిడ్ బేకర్‌కి, కొత్త ప్రోటీన్లు రూపొందించినందుకు. మిగతా సగం హసాబిస్, జంపర్‌లకి, ఆకారం ముందే చెప్పగలిగినందుకు. 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాల అంచనాలు ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నేను రోజూ వాడతాను. అయితే ఆకారం తెలిసినంత మాత్రాన ఏ పూస మారిస్తే పని పెరుగుతుందో తెలియదు. ఈ-కోలైలో గడ్డకడుతుందో లేదో కూడా చాలాసార్లు చెప్పదు.

లెక్క చూడు. కాట్ఏలో 500 పైచిలుకు పూసలు. 500 అనుకుందాం. ఒక్క పూసని మిగతా 19 రకాల్లో దేనితోనైనా మార్చొచ్చు. అంటే ఒకే ఒక్క మార్పు ఉన్న రకాలే 9,500. మేం 96 గుంటల పళ్లెంలో పరీక్షిస్తాం, సుమారు వంద పళ్లేలు. ఒకేసారి రెండు మార్పులైతే నాలుగున్నర కోట్ల రకాలు. అవన్నీ ఎవరూ చేయలేరు. అందుకే ఆర్నాల్డ్ వేరే దారి పట్టారు. యాదృచ్ఛికంగా మార్పులు పుట్టించి, బాగా పనిచేసినవాటిని ఏరి, వాటినే మళ్లీ మార్చి, మళ్లీ ఏరి. సబ్టిలిసిన్ అనే ఎంజైమ్ డీఎంఎఫ్ అనే సాల్వెంటులో చచ్చుబడేది. 1993 నాటికి 60 శాతం డీఎంఎఫ్‌లో 256 రెట్లు బాగా పనిచేసేదాన్ని ఆవిడ ఇలాగే ఏరి తీశారు.

ఉండవల్లి_వాసి
అంటే విత్తనాలు ఏరి దాచుకోవడమే కదా. మా తాత కంకులు చూసి ఏరేవాడు.

అట్లాంటాలో_ఆంధ్రుడు
అచ్చంగా అదే. తేడా ఏమిటంటే మీ తాతగారికి ఏడాదికి ఒక పంట, మాకు వారానికి ఒకటి.

పెన్సిలిన్‌తాత
షుగరు మాత్ర సిటాగ్లిప్టిన్ నేనూ వేసుకుంటాను. దాన్ని కనిపెట్టిన కంపెనీ వాళ్లు చివరి మెట్టులో రోడియం లోహం వాడేవారు. దాని బదులు ఎంజైమ్ పెడదామంటే, మొదలుపెట్టిన ఎంజైమ్‌కి ఆ పదార్థం మీద పనే లేదు. విడతలు విడతలుగా 27 మార్పులు చేసి దాని చేత పని చేయించారు. 2010లో ప్రచురించారు. సున్నా నుంచి మొదలైన కథ అది, అమ్మాయికి చెప్పండి.

పాఠాలమాస్టారు
మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది కూడా చెప్పొచ్చు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. తర్వాత ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు, 1925లో. ఆ పద్ధతితో ఇప్పటికీ ప్రాక్టికల్స్ చేయిస్తాం.

కృష్ణలంక_కుర్రోడు
మాస్టారూ, గొప్పవాళ్ల కథలు విని మా అన్నయ్య ఇంకా కుంగిపోయేవాడు. "వాళ్లకి వచ్చింది, నాకే రాలేదు" అని. జాగ్రత్తగా చెప్పాలి ఇవి.

పాఠాలమాస్టారు
నిజమే నాయనా. ఈ సంగతి నేను ఆలోచించాల్సింది. అయితే కథ మార్చి చెబుతా. అదే ఆర్నాల్డ్ గారు నోబెల్ వచ్చాక, 2019లో వేసిన ఒక పేపరుని 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. ఆ సంగతి ఆవిడే బయటికి చెప్పి క్షమాపణ అడిగారు. నా విద్యార్థులకి నేను ఎక్కువగా చెప్పేది ఇదే.

తెల్లకోటు_తెనాలి
మాస్టారు గారూ, నాకు కూడా ఈ రెండోదే నచ్చింది. మూడో ఏట నేనో ఫలితాన్ని గైడ్‌కి చూపించి, తర్వాత అది కంట్రోల్‌లో, అంటే పోల్చి చూడడానికి పెట్టే ఖాళీ నమూనాలో కూడా వస్తోందని కనుక్కున్నా. చెప్పడానికి రెండు రోజులు భయపడ్డా. చెప్పాక ఆయన "మంచిది, ఇప్పుడే తెలిసింది" అన్నారు. అలాంటి గైడ్ దొరకడం సగం అదృష్టం.

యార్డుగుమస్తా
పది రోజుల తర్వాత రాస్తున్నాను. యార్డులో కొత్త సరుకు వరద, తీరిక లేదు. మొన్న రాత్రి పదకొండింటికి అమ్మాయి ఒక ఫోటో పంపింది. చిన్న చిన్న గుంటల పళ్లెం, అన్నీ తెల్లగా నీళ్లలా ఉన్నాయి, ఒక వరుసలో మూడు గుంటలు మాత్రం లేత ఆకుపచ్చ. కింద ఏమీ రాయలేదు. నేను "బాగుందమ్మా" అన్నాను కానీ ఏం బాగుందో తెలియదు. ఎవరైనా చెబుతారా?

తెల్లకోటు_తెనాలి
బాబాయ్ గారూ!! అది ఏబీటీఎస్ పరీక్ష అయి ఉంటుంది. రంగు లేని ఆ పదార్థాన్ని లాకేస్ తాకితే నీలం కలిసిన ఆకుపచ్చ వస్తుంది. రంగు వచ్చిందంటే ఎంజైమ్ మడతపడింది, రాగి ఎక్కింది, పని చేస్తోంది. ఒక్క ప్రశ్న: ఎంజైమ్ వేయని కంట్రోల్ గుంటలు తెల్లగానే ఉన్నాయా? కాపర్ సల్ఫేట్ మాత్రమే వేసినవి?

యార్డుగుమస్తా
అడిగాను. కంట్రోల్ తెల్లగానే ఉందట. మూడుసార్లు చేసిందట, మూడుసార్లూ వచ్చిందట. నాలుగోసారి కొత్త బ్యాచ్‌తో చేస్తుందట. ఇప్పటిదాకా గైడ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదట.

బ్రాడీపేట_నాలుగోలైను
గైడ్‌కి, నాన్నకి.

అట్లాంటాలో_ఆంధ్రుడు
శుభం. కానీ బాబాయ్ గారూ, ఇది మొదటి మెట్టు. ఇప్పుడు ఏబీటీఎస్ బదులు విషాన్ని విరవాలి. అది రంగు మారినంత సులువు కాదు, యంత్రం మీద కొలవాలి. తర్వాత శుభ్రమైన ద్రావణంలో కాకుండా నిజమైన కారంలో పని చేయాలి. కారంలో ఉండే రంగులు, ఘాటు పదార్థాలు ఎంజైమ్‌కి అడ్డుపడొచ్చు. ఇంకో రెండేళ్ల పని ఉంది. వచ్చే వారమే "అయిపోయిందా" అని అడక్కండి.

యార్డుగుమస్తా
అడగను. మీరన్న కారం సంగతే అమ్మాయి కూడా ఎత్తింది. నిజమైన కాయ మీద చూడాలి నాన్నా అంది. మా కోల్డ్ స్టోరేజీలో బూజు పట్టి పక్కన పెట్టిన తేజ కాయలు ఒక బస్తా ఉన్నాయి. శనివారం పినాకిని రైల్లో చెన్నైకి నేనే తీసుకెళ్లి ఇద్దామనుకుంటున్నాను.

తెల్లకోటు_తెనాలి
వద్దు బాబాయ్ గారూ, అది మాత్రం చేయకండి. అఫ్లాటాక్సిన్ బీ1 క్యాన్సర్ తెచ్చే పదార్థం, అందులో అనుమానం లేదు. ఆ బూజు దుమ్ము రైలు పెట్టెలో నలుగురి మధ్య మోయకూడదు. మీరు కూడా ఆ బస్తా ముట్టుకునేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, ఇన్నేళ్లుగా వేసుకోకపోయినా సరే. ల్యాబ్‌లో ఇలా చేస్తారు: శుభ్రమైన కాయ తీసుకుని, కొలిచిన విషాన్ని వాళ్లే అందులో కలిపి, ఎంజైమ్ వేసి ఎంత తగ్గిందో చూస్తారు. ఎంత కలిపారో తెలిస్తేనే కదా ఎంత పోయిందో తెలిసేది. ఆమెకి కావలసింది బాగా ఆరిన మంచి కాయ, ఏ రకమో, ఏ ఊరిదో, ఎప్పుడు కోసిందో కచ్చితంగా తెలిసిన కాయ. అది మీకంటే బాగా ఎవరివ్వగలరు?

యార్డుగుమస్తా
చెప్పి మంచి పని చేశావు తల్లీ. ఆ బస్తా జోలికి పోను, మా హమాలీలకి కూడా చెబుతాను. మంచి కాయ అంటే నా చేతిలో పని. తేజ ఒకటి, సన్నం ఒకటి, రెండూ కళ్లంలో పట్టా మీద ఆరబోసినవి, రైతు ఎవరో తెలిసినవి, తేమ పది శాతం లోపు ఉన్నవి ఏరి పెడతాను. రకం, ఊరు, కోత తేదీ చీటీ రాసి కడతాను. ఎన్ని కిలోలు కావాలి? ఒక్కోటి ఒక టిక్కీ సరిపోతుందా?

తెల్లకోటు_తెనాలి
ఒక్కోటి యాభై గ్రాములు చాలు బాబాయ్ గారూ. నెలలు వస్తుంది.

యార్డుగుమస్తా
మా కొట్లో యాభై గ్రాములు తూచే కాటా లేదమ్మా.

బ్రాడీపేట_నాలుగోలైను
మా ఎదురింట్లో బంగారం పని చేసే ఆయన ఉన్నాడు, గ్రాము కూడా తూస్తాడు. శుక్రవారం సాయంత్రం కాయలు పట్టుకుని మా ఇంటికి రండి. అమ్మాయికి కాస్త కంది పొడి కూడా కట్టిస్తాను.